వత్తులు తెగని స్టైల్‌షీట్

పిల్లకాయలూ, ఈ పూట జావాస్క్రిప్ట్ జోలికి పోను. సీఎస్ఎస్ ఒక్కటే, అంటే వెబ్ పేజీ ఎలా కనబడాలో చెప్పే భాష. దీని మొదటి ప్రమాణం 1996 డిసెంబర్‌లో వచ్చింది, మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఇన్నేళ్లయినా చాలా సైట్లలో తెలుగు ఇంకా తెగిపోతానే ఉంది.

జిల్లాల పేర్లతో బటన్లు చేస్తున్నారనుకోండి. 'నెల్లూరు' అని రాసి, వెడల్పు 120 పిక్సెళ్లు, ఎత్తు 32 అని బిగించేస్తారు. మీ స్క్రీన్ మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ 2008 నుంచి మన జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. రేపెవరో అధికారిక పట్టిక తెచ్చి అందులో పోస్తారు, అక్షరాలు పక్క బటన్ మీదికి ఎక్కుతాయి. కొలతలు బిగించొద్దు. ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వండి, మరీ కావాలంటే మిన్-హైట్ (కనీస ఎత్తు) పెట్టండి. బుచ్చిరెడ్డిపాళెం లాంటి పేరు మధ్యలో ఖాళీ ఉండదు, బ్రౌజర్ తనంతట విరవదు. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి ఎనీవేర్ అని రాస్తే చోటు చాలనప్పుడు మాత్రం విరుస్తుంది.

అసలు గొడవ ఒక్కో వరసకి ఎంత ఎత్తో చెప్పే లైన్-హైట్‌తో. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్లలో 1.2 ఉంటుంది. మనకేమో పైన గుడి, కింద వత్తు. 'రాష్ట్రం'లో అయితే ఒకటి కాదు, రెండు వత్తులు. పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. దానికి తోడు, పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే వత్తే మాయం. నేనైతే 1.6కి తగ్గను. అది కూడా పిక్సెల్ తోక లేకుండా ఉత్త అంకె వేయండి, అప్పుడే ప్రతి ఎలిమెంటూ తన ఫాంట్ సైజుకు తగ్గట్టు లెక్కేసుకుంటుంది. హెడ్డింగులకు లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) ఉంటే తెలుగుకి తీసేయండి.

స్టైలింగ్‌కి ఐడీలు వాడొద్దు. ఐడీ అంటే పేజీలో ఒక్కదానికే పెట్టే పేరు, క్లాసంటే చాలావాటికి పెట్టుకోగల పేరు, సెలెక్టరంటే రూల్ దేనికి వర్తించాలో చెప్పే భాగం. ఒక్క ఐడీ ఉన్న సెలెక్టర్‌ని వంద క్లాసులు కలిసినా ఓడించలేవు. చివరికి విసుగొచ్చి, మామూలు రూళ్లని తోసేసే ఇంపార్టెంట్ గుర్తు పెడతారు, తర్వాత వచ్చినవాడు ఇంకోటి పెడతాడు.

సెమీకోలన్ మరిస్తే బ్రౌజర్ మిమ్మల్ని తిట్టదు. ఆ వరసనీ తర్వాతి వరసనీ కలిపి చదివి, అర్థం కాక రెండూ వదిలేస్తుంది. కామాలతో కలిపిన సెలెక్టర్లలో ఒక్కటి తెలియకపోయినా ఆ రూల్ మొత్తం పోతుంది, అందుకే కొత్త సెలెక్టర్‌ని విడిగా రాయండి. ఈ వదిలేసే గుణం మనకు పనికొస్తుంది కూడా. ఎత్తుకి ముందు 100 వీహెచ్ (స్క్రీన్ నిండా ఎత్తు), దాని కింద 100 డీవీహెచ్ (అదే, బ్రౌజర్ పట్టీలు వచ్చిపోయేదాన్ని బట్టి మారేది) రాయండి. కొత్త ఫోన్ రెండోది తీసుకుంటుంది. కావలిలో మీ అమ్మమ్మ చేతిలోని పాత ఫోన్ దాన్ని వదిలేసి మొదటిదాంతో పేజీ చూపిస్తుంది.