ఫ్రీజ్ డ్రయర్‌లో తడి మిగలకూడదు

మిత్రులందరికీ నమస్కారం.

ఈ గదిలో ఉత్పత్తి విభాగం వారు, మెయింటెనెన్స్ వారు, నాణ్యతా విభాగం వారు కలిసి కూర్చున్నారు. అలా కూర్చోబెట్టమని నేనే అడిగాను. స్టెరైల్ ఉత్పత్తిలో, అంటే సూక్ష్మజీవులు లేని ఇంజెక్షన్ మందుల తయారీలో, మందును గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టే ఫ్రీజ్ డ్రయర్‌ను ఈ మూడు విభాగాలూ ఎవరి ముక్క వారు పంచుకుని చూసినప్పుడే చిక్కులు మొదలవుతాయని నా గట్టి నమ్మకం.

కొత్తగా పనిలో చేరినవారు ఒక ప్రశ్న తరచూ అడుగుతారు. లోపల సున్నాకు దిగువన నలభై, యాభై డిగ్రీల చలి, పైగా వాక్యూమ్. అక్కడ ఏ సూక్ష్మజీవి బతుకుతుంది? ప్రశ్న సహజమే. అయితే ప్రయోగశాలల్లో బాక్టీరియా కల్చర్లను ఏళ్ల తరబడి ప్రాణంతో దాచడానికి వాడే పద్ధతి ఏమిటో గుర్తు చేసుకోండి. గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, గాజు గొట్టంలో మూసి పెడతారు. నీరు తగలగానే చాలా బాక్టీరియా మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. మనం వయల్‌కు, అంటే మందు నింపిన చిన్న గాజు సీసాకు, చేసేదీ అచ్చంగా అదే. మందుతోపాటు లోపలికి చేరిన బాక్టీరియా మందుతోపాటే భద్రంగా నిల్వ ఉంటుంది. ఆసుపత్రిలో నర్సు ఆ వయల్‌లోకి నీరు ఎక్కించేదాకా అది ఎదురుచూస్తుంది.

పైగా ఆరబెట్టే సమయమంతా వయల్ తెరిచే ఉంటుంది. ఆవిరి బయటికి పోవాలి కాబట్టి రబ్బరు మూతను సగం వరకే దించుతాం. కొన్ని మందులకు ఒక రోజు, మరికొన్నింటికి చాలా రోజులు వయళ్లు అలాగే ఉండిపోతాయి. ఫిల్లింగ్ యంత్రం దగ్గర కొన్ని సెకన్లు తెరిచి ఉన్నందుకే అంత కట్టుదిట్టంగా చూసుకుంటాం. వయళ్లు అన్ని గంటలు తెరిచి ఉండే చాంబర్ విషయంలో అంతకంటే జాగ్రత్తగా ఉండాలి కదా!

ఇక కడగడం దగ్గరికి వద్దాం. ఆవిరితో ఎలాగూ స్టెరిలైజ్ చేస్తాం కదా, కడగడం కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదనే ధోరణి కొన్నిచోట్ల ఉంది. అది ప్రమాదకరం. 121 డిగ్రీల ఆవిరి బాక్టీరియాను చంపుతుంది. కానీ గ్రామ్ నెగటివ్ అనే రకం బాక్టీరియా గోడల్లో ఉండి, రక్తంలో చేరితే జ్వరం తెప్పించే ఎండోటాక్సిన్ అనే పదార్థాన్ని అది నమ్మదగినంతగా నాశనం చేయలేదు. దానికి 250 డిగ్రీల పొడి వేడి అరగంట కావాలి. ఖాళీ వయళ్లను ఎండోటాక్సిన్‌ను వేడితో నాశనం చేసే డీపైరోజనేషన్ సొరంగంలో పంపేది అందుకే. ఫ్రీజ్ డ్రయర్‌ను అంత వేడి చేయలేం. కాబట్టి ఎండోటాక్సిన్‌ను నీటితో కడిగి పంపేయడం ఒక్కటే దారి. ఆ చివరి నీరు ఇంజెక్షన్‌కు పనికొచ్చే నీరే, అంటే మనం డబ్ల్యూఎఫ్‌ఐ అనేదే అయి ఉండాలి.

సీఐపీలో, అంటే యంత్రాన్ని విప్పకుండా ఉన్నచోటే కడిగే పద్ధతిలో, నీరు ప్రతి మూలకూ చేరుతోందో లేదో తెలుసుకోవడానికి రైబోఫ్లావిన్ పరీక్ష ఉంది. విటమిన్ బి2 ద్రావణాన్ని లోపలంతా చల్లి, సీఐపీ నడిపి, ఆ తర్వాత అతినీలలోహిత దీపంతో వెతుకుతారు. ఆకుపచ్చ పసుపు కాంతి ఎక్కడ మెరిస్తే అక్కడికి నీరు చేరలేదన్నమాట. వయళ్లు పెట్టే షెల్ఫుల అడుగు భాగం, షెల్ఫులను కదిలించే కడ్డీ చుట్టూ ఉండే బెలోస్ ముడతలు, చాంబర్‌కూ ఆవిరిని మంచుగా పట్టే కండెన్సర్‌కూ మధ్య ఉన్న వాల్వ్ వెనుక వైపు, తలుపు అంచు తరచూ దొరికిపోయే చోట్లు. ఈ పరీక్షను యంత్రం కొన్న కొత్తలో ఒకసారి చేసి వదిలేయకూడదని నా అభిప్రాయం. స్ప్రే నాజిల్ ఒక్కటి మూసుకుపోయినా, మార్చినప్పుడు కోణం కాస్త తప్పినా పాత ఫలితానికి విలువ ఉండదు.

కడిగాక ఆరబెట్టాలి. ఆరబెట్టే యంత్రాన్నే ఆరబెట్టమంటే వింతగా అనిపించవచ్చు, కానీ ఈ మెట్టునే అందరూ తొందరగా దాటేస్తారు. డ్రెయిన్ పైపు వాలు సరిగా లేకపోతే నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో బాక్టీరియా పొరలా కట్టుకుంటుంది. ఒకసారి ఆ పొర ఏర్పడితే వదిలించడం కష్టం. అదే నీరు తర్వాత, బయటి గాలి లోపలికి చొరబడుతోందేమో చూసే లీక్ టెస్ట్‌నూ తప్పుదారి పట్టిస్తుంది.

స్టెరిలైజేషన్ గురించి మీకు చాలావరకు తెలుసు, అందుకే ఒక్క విషయమే చెబుతాను. సంతృప్త ఆవిరికి ఉష్ణోగ్రత, పీడనం జంటగా నడుస్తాయి. 121 డిగ్రీల దగ్గర పీడనం వాతావరణ పీడనంతో కలిపి సుమారు 2.05 బార్ ఉండాలి. పీడనం సరిపోయినా ఏదో ఒక సెన్సార్ దగ్గర ఉష్ణోగ్రత ఎక్కడం లేదంటే అక్కడ గాలి చిక్కుకుంది, లేదా నీరు నిలిచింది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూసే అలవాటు చేసుకోండి. ఆవిరి నిజంగా చంపిందో లేదో తెలుసుకోవడానికి పెట్టే జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా బీజాల పట్టీలను కూడా సులువుగా చేయి అందే చోట పెట్టి లాభం లేదు. ఆవిరి చేరడానికి కష్టపడే చోటే పెట్టాలి.

ఇప్పుడు లీక్ టెస్ట్. ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది దీని గురించే.

ఫ్రీజ్ డ్రయర్ ముందు తలుపు శుభ్రమైన గదిలోకి తెరుచుకుంటుంది. దాని వెనుక భాగం, పంపులు, కంప్రెసర్లు, వాల్వులు మాత్రం మామూలు యంత్రాల గదిలో ఉంటాయి. లోపల వాక్యూమ్ ఉన్నప్పుడు ఎక్కడ సందు ఉన్నా బయటి గాలి లోపలికే వస్తుంది. ఆ సందు వెనుక వైపు ఉంటే వచ్చేది యంత్రాల గది గాలి. అందులో ఏముంటుందో మెయింటెనెన్స్ మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ గాలి ఏ ఫిల్టర్‌నూ దాటకుండా, తెరిచి ఉన్న వయళ్ల మధ్యకు చేరుతుంది.

పరీక్ష పద్ధతి తేలికే. వాక్యూమ్ పట్టించి, పంపు వైపు వాల్వ్ మూసి, పీడనం ఎంత పెరుగుతుందో చూస్తాం. పెరుగుదలను ఘనపరిమాణంతో హెచ్చించి, సెకన్లతో భాగిస్తాం. ఉదాహరణకు చాంబర్, కండెన్సర్ కలిపి 5000 లీటర్లు అనుకుందాం. అరగంటలో పీడనం 0.0072 మిల్లీబార్ పెరిగితే, లీకు సెకనుకు 0.02 మిల్లీబార్ లీటర్లు. చాలామంది పరిమితిగా పెట్టుకునే అంకె అదే. ఎంత చిన్న పెరుగుదలకు ఆ గీత దాటిపోతామో గమనించారా? గేజి కాస్త తప్పు చూపినా ఫలితం తారుమారవుతుంది. నీటి ఆవిరి ఉన్నప్పుడు, వాయువు వేడిని ఎంత మోసుకుపోతుందో బట్టి పీడనం చెప్పే పిరానీ గేజి అసలు పీడనం కంటే ఎక్కువ చూపుతుంది. అందుకే ఈ పరీక్షకు, వాయువు ఏదైనా పీడనాన్ని నేరుగా కొలిచే కెపాసిటెన్స్ గేజినే నమ్ముకోవాలి, దాన్ని సమయానికి కాలిబ్రేట్ చేయించాలి.

పరీక్ష తప్పినప్పుడు వెంటనే స్పానర్ పట్టుకోకండి, ముందు గ్రాఫ్ చూడండి. అసలైన లీకు అయితే గీత వంగకుండా, ఒకే వాలుతో పైకి పోతూనే ఉంటుంది. లోపల మిగిలిన తడి ఆవిరవుతుంటే గీత మొదట వేగంగా లేచి, క్రమంగా వంగి చదునవుతుంది. రెండోదానికి గాస్కెట్లు మార్చి ప్రయోజనం ఉండదు, సరిగా ఆరబెట్టాలి. పరీక్ష పాసైనప్పుడు కూడా ఆ అంకెను పక్కన రాసి పెట్టుకోవాలి. 0.004, 0.006, 0.009, 0.013 అంటూ నెల నెలా పెరుగుతున్న యంత్రం ప్రతిసారీ పాసవుతూనే ఉంటుంది. ఏదో ఒక సీల్ పాడవుతోందని ఆ వరుస ఎంతో ముందే చెబుతుంది. పాస్, ఫెయిల్ అని మాత్రమే రాసుకునే పద్ధతి ఆ సమాచారాన్ని మన చేతులతో మనమే పారేయడమే. ఈ అలవాటు పోవాలని నేను చాలాకాలంగా పోరుతున్నాను.

యూరోపియన్ యూనియన్ 2022 ఆగస్టులో విడుదల చేసిన, స్టెరైల్ మందుల తయారీ నియమాల పత్రమైన కొత్త అనెక్స్ 1 కూడా అనుమతించే లీకు ఎంతో ముందే నిర్ణయించి, ప్రతి సైకిల్ మొదట్లో సరిచూడమంటోంది. ఆ పత్రంలో చాలాభాగం 2023 ఆగస్టు 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఫ్రీజ్ డ్రయర్లకు సంబంధించిన ఒక అంశానికి మాత్రం మరో ఏడాది గడువు ఇచ్చారు. మార్పు అంత తేలిక కాదని వారికీ తెలుసు.

గాలి లోపలికి వదిలే వెంట్ ఫిల్టర్ గురించి క్లుప్తంగా చెబుతాను. దాన్ని వాడే ముందు స్టెరిలైజ్ చేయాలి. అది ఎక్కడా చిరగలేదని చూపే ఇంటెగ్రిటీ పరీక్ష ఫలితం బ్యాచ్ విడుదల పత్రాల్లో ఉండాలి. ఇందులో మినహాయింపులు వెతకవద్దు.

విడిభాగాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేవి షెల్ఫులను చల్లబరిచే, వేడిచేసే సిలికోన్ ఆయిల్‌ను వాటికి తీసుకెళ్లే గొట్టాలు. షెల్ఫులు పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఒకే సైకిల్‌లో గడ్డకట్టే చలి, ఆ తర్వాత ఆవిరి వేడి తట్టుకోవాలి. ఎక్కడో సూదిమొనంత చీలిక వస్తుంది. ఆయిల్ ట్యాంక్ మట్టం కారణం లేకుండా తగ్గడం మొదటి గుర్తు. ఇంకో గుర్తు మీ కళ్లముందే ఉంటుంది. శుభ్రమైన స్టీలు మీద నీరు పలుచగా పరుచుకుంటుంది. సిలికోన్ పొర ఉన్నచోట తామరాకు మీద నీటిలా ముత్యాలు కడుతుంది. సీఐపీ అయ్యాక షెల్ఫు మీద అలాంటి బొట్లు కనిపిస్తే అక్కడే ఆగి, గొట్టాలు, వెల్డింగులు పరిశీలించండి. ఆ బ్యాచ్ లోడ్ చేయవద్దు.

తలుపు గాస్కెట్ గాడిలో గాజు ముక్కలు ఇరుక్కుంటాయి. వయల్ పగిలిన సైకిల్ తర్వాత ఆ గాడిని వేలి వెడల్పు చొప్పున చూడాలి. స్టీలు మీద బ్లీచింగ్ లాంటి క్లోరిన్ ద్రావణాలు వద్దు. 316ఎల్ రకం స్టీలుకైనా క్లోరైడ్ వల్ల గుంతలు పడతాయి. గుంతల్లో మందు, తడి చేరతాయి.

మరమ్మతు తర్వాత ఏం చేయాలన్న దగ్గర మూడు విభాగాలూ ఒకే మాట మీద ఉండాలి. లోపలికి ఏ పనిముట్టు వెళ్లినా, ఏ సీల్ విప్పినా మళ్లీ కడగడం, ఆరబెట్టడం, స్టెరిలైజ్ చేయడం, లీక్ టెస్ట్ చేయడం వరుసగా జరగాలి. నాజిల్ మార్చితే రైబోఫ్లావిన్ కూడా చేయాలి. ఏది విప్పారో మెయింటెనెన్స్ వారు రాసిన చీటీ ఉత్పత్తి విభాగం వారి లాగ్‌బుక్‌లోనే ఉండాలి. వేరే రిజిస్టరులో ఉంటే లోడ్ చేసేవారికి అది కనబడదు.

పని లేక కొన్ని రోజులు నిలిచిపోయే యంత్రాన్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తలుపు మూసి ఉంచండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత స్టెరిలైజేషన్ గడువు లోపలే ఉందా లేదా అని లెక్కలు వేస్తూ కూర్చోవద్దు. కొత్తగా ఆవిరి పట్టించి, లీక్ టెస్ట్ గ్రాఫ్ చూసి, ఆ తర్వాతే మొదటి ట్రే పెట్టండి.