పూలు చూసి చెట్టు కొనకండి

శ్రోతలకు నమస్కారం. ఈ పూట క్రాబ్ యాపిల్ చెట్టు గురించి మాట్లాడుకుందాం.

యాపిల్‌కీ దీనికీ తేడా చెప్పమంటే కాయ సైజే చెప్పాలి. అడ్డుకొలత 5 సెంటీమీటర్లు దాటకపోతే క్రాబ్ యాపిల్ అంటారు, దాటితే యాపిల్. రెండిటిదీ మాలస్ ప్రజాతే.

పూలరంగును బట్టి గుర్తుపట్టబోతే మాత్రం తికమకే. మాలస్ ఫ్లోరిబండా అనే జపాన్ రకాన్నే చూడండి. మొగ్గలు ముదురు గులాబీ, విచ్చుకున్నాక దాదాపు తెలుపు. సోమవారం చూసినవారు ఎర్రపూల చెట్టంటారు, శనివారం చూసినవారు తెల్లపూలదంటారు. ఇద్దరూ చూసింది ఒకే చెట్టు!

చెర్రీ అని పొరబడేవాళ్లూ ఎక్కువే. అనుమానమొస్తే ఒక పువ్వు కోసి, పుప్పొడి కేసరాలను పక్కకి తప్పించి నడిమధ్యకి చూడండి. చెర్రీలో ఒకే ఒక్క కీలం, అంటే అండాశయం మీది సన్నని కాడ, నిలబడి ఉంటుంది. క్రాబ్ యాపిల్‌లో సాధారణంగా ఐదు, అడుగున కలిసిపోయి ఉంటాయి. కాయల కాలమైతే ఇంకా తేలిక. కాయను అడ్డంగా కోయండి, లోపల గింజల గదులు నక్షత్రంలా కనబడతాయి. చెర్రీలో ఉండేది ఒక్క టెంకే. కాయ కొనను కూడా చూడండి: సైబీరియా రకం, అంటే మాలస్ బక్కాటాలో, రక్షక పత్రాలు, అంటే పూరేకుల వెలుపలి చిన్న ఆకులు, రాలిపోయి మచ్చ మాత్రమే మిగులుతుంది. తినే యాపిల్‌లో అవి ఎండి అంటుకునే ఉంటాయి.

ఇక మొక్క కొనే సంగతి. నర్సరీలో పూలు చూసి ముచ్చటపడి కొనడమంటే, పెళ్లిబట్టల్లో చూసి మనిషిని అంచనా వేసినట్టే. పూలుండేది వారం, పది రోజులు. ఆకులు నెలల తరబడి ఉండాలి. మచ్చ తెగులు తట్టుకోలేని రకమైతే ఎండాకాలం ముగిసేలోపే ఆకులు రాల్చి బోడిగా నిలబడుతుంది. అందుకే నేనైతే ముందు తెగులు సంగతి అడుగుతాను, రంగు తర్వాత.

రోజుకి కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల చాలు. గింజ నాటితే తల్లిలాంటి చెట్టు రాదు కాబట్టి అంటుమొక్కే తెచ్చుకోవాలి. అంటు కింద నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయండి, లేకపోతే అవే చెట్టయి కూర్చుంటాయి. వచ్చే ఏడాది పూమొగ్గలు ఈ ఎండాకాలంలోనే తయారవుతాయి. అందుకని కొమ్మలు కత్తిరించాలంటే పూలు రాలిన వెంటనే కత్తిరించండి.

కొన్ని రకాల కాయలు చలికాలమంతా కొమ్మకే వేలాడుతుంటాయి. గట్టిగా ఉన్నన్నాళ్లూ పక్షులు వాటి జోలికి పోవు. మంచు తగిలి మెత్తబడ్డాక మాత్రం ఒక్క కాయా మిగలనివ్వవు.