స్కూల్ ల్యాబ్ సెట్ రివ్యూ: ఉప్పు కరిగించి చూశాం

నమస్కారం అండీ! ద్రావణీయత ప్రయోగం, అంటే నీళ్లలో ఏది ఎంత కరుగుతుందో చూసే ప్రయోగం చేయించే టీచర్లు చాలామంది అడిగారని ఈ సెట్ కోఠిలో కొన్నాను. 100 మిల్లీలీటర్ల మెజరింగ్ జార్‌లు గాజుది ఒకటి, ప్లాస్టిక్‌ది ఒకటి, ఒక బీకరు, 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు.

బీకరు సంగతి ముందే తేల్చేస్తా. గీతలున్నాయి కదా అని దాంతో కొలవకండి. ఐదు శాతం అటూ ఇటూ అని దాని మీదే అచ్చు వేశారు, చూడండి. కలపడానికి, కాచడానికి చాలు.

ఇప్పుడు గాజు జార్. కెమెరా దగ్గరికి తెస్తున్నా. నీళ్లు అంచుల్లో పైకి పాకి, మధ్యలో గుంటలా దిగాయా? ఆ గుంట అడుగు గీతకు సరిగ్గా ఆనాలి. జార్‌ని చేత్తో పైకెత్తి చూడొద్దు. బల్ల మీదే ఉంచి మీరు వంగండి. పైనుంచి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ప్లాస్టిక్ జార్‌లో ఆ గుంట దాదాపు ఉండదు, కిందపడినా పగలదు. ఆరో తరగతి పిల్లల చేతికి నేనైతే అదే ఇస్తా.

త్రాసు బాగుంది గానీ మహా సుకుమారం! ఫ్యాన్ గాలికే అంకెలు నిలవవు. ఫ్యాన్ ఆపి, కాగితం పెట్టి, సున్నా నొక్కి, అప్పుడు ఉప్పు వేయండి.

50 మిల్లీలీటర్ల నీళ్లలో 20 గ్రాముల ఉప్పు వేశాను. ఎంత కలిపినా సుమారు 18 గ్రాములే కరుగుతుంది, మిగతాది ఇదిగో, అడుగున కూర్చుంది. సంతృప్త ద్రావణం అంటే ఇదే. ప్యాకెట్ ఉప్పుతో నీళ్లు కాస్త మసకబారితే కంగారు పడకండి, గడ్డకట్టకుండా కలిపే పొడి అది.

ఉప్పుకి వేడితో పెద్ద తేడా రాదు. అసలు తిరకాసు పొటాషియం నైట్రేట్‌తో. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో 32 గ్రాముల దాకా కరుగుతుంది. ఏప్రిల్‌లో మన హైదరాబాద్ ల్యాబ్‌లో 20 డిగ్రీలు ఎక్కడివండీ? 40కి చేరితే దాదాపు 64 గ్రాములు! పిల్లాడు 50 అని రాశాడని మార్కులు కోసే ముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి. ఈ సెట్‌లో అది లేదు, విడిగా కొనుక్కోవాల్సిందే.