ఏటైంది తల్లీ?

ఒడిశాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మన పర్లాకిమిడి పెద్దలకు, అమ్మలకు, నాన్నలకు, ఈ ఏడు మెట్రిక్, అంటే పదో తరగతి పరీక్ష, రాయబోతున్న పిల్లలకు నమస్కారం.

ఎన్నో ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఒకసారి పరీక్ష మొదలై పావుగంటైనా ఒక పదో తరగతి అమ్మాయి కాయితం మీద రోల్ నంబరు తప్ప ఏమీ లేదు. అరచెయ్యి ఆన్చిన చోట చెమటకి ఆ అంకెలూ అలుక్కుపోయాయి. ఒడియాలో అడిగితే 'కిఛి నాహిఁ సార్' అంది, ఏమీ లేదని. వరండాలోకి తీసుకెళ్ళి, 'ఏటైంది తల్లీ?' అన్నాను. అప్పుడు నోరు విప్పింది: 'కడుపులో చేపపిల్ల కొట్టుకుంటున్నట్టుంది సార్. వచ్చినవన్నీ మర్చిపోయాను.'

అది చదవకపోవడం కాదు, బద్ధకం అసలే కాదు. పాము కనబడినా, ప్రశ్నపత్రం కనబడినా ఒళ్ళు ఒకలాగే బెదురుతుంది. అడ్రినలిన్ అనే హార్మోను ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపు తిప్పుతుంది. బుర్రలో లెక్కకి ఉండాల్సిన చోటంతా గాభరా ఆక్రమిస్తుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశమంతటా సుమారు 3.79 లక్షల మంది పిల్లల్ని అడిగితే, 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకి కారణమన్నారు.

మన పిల్లలకి ఇంకో బరువుంది. ప్రశ్న ఒడియాలో చదవాలి, తెలుగులో ఆలోచించాలి, మళ్ళీ ఒడియాలో రాయాలి. ఆ ఆలస్యాన్ని తెలివితక్కువ అనకండి, చేతులెత్తి అడుగుతున్నాను. సవర గిరిజన పిల్లలకి వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పాటుపడింది ఈ ఊళ్ళోనే. చదువుకే ఇంటిమాట కావాలంటే, భయం చెప్పుకోవడానికి అక్కర్లేదా?

పిల్లలూ, గాభరా పుట్టినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడే గుండె నెమ్మదిస్తుంది. ఇది పరీక్ష రోజున మొదలుపెడితే పట్టుబడదు, ఈ రోజు నుంచే రాత్రి పడుకునే ముందు చెయ్యండి.

ఇంకోటి రాసుకోవడం. పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాల్ని కాయితం మీద పెట్టిన పిల్లలకి, బెంగ ఎక్కువున్న వాళ్ళకి మరీనూ, మార్కులు మెరుగయ్యాయని 2011లో రమిరెజ్, బైలాక్ అనే అమెరికా పరిశోధకులు చూపించారు. తెలుగు అక్షరాలు రావంటారా? ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలే రాయండి. ఆ అమ్మాయి అలాగే రాసేది. మొదటిసారి సగం పేపరే రాసింది, తర్వాత్తర్వాత గంట కొట్టేదాకా కలం ఆపలేదు.

అమ్మలారా, బిడ్డ రెండు వారాలుగా సరిగ్గా తినకుండా, నిద్రపోకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వినబడినా ఆ రోజే చెయ్యండి. టెలీ మానస్ అది, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ. డబ్బు అక్కర్లేదు, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దిష్టి తీస్తే తియ్యండి, వద్దనను. ఫోనూ చెయ్యండి.

సరే, పిల్లలూ, కాయితాలు తియ్యండి. పది నిమిషాలు. నేను చూడను, మీ అమ్మానాన్నలూ చూడరు.