మల్లెపూలు సున్నంముద్ద కాకూడదు

అందరికీ నమస్కారం. వడపళనిలో, అదీ తెలుగులో, డీఐ గురించి, అంటే తీసిన సినిమా రంగులూ వెలుగులూ కంప్యూటర్లో దిద్దే డిజిటల్ ఇంటర్మీడియట్ గురించి, మాట్లాడే అవకాశం రోజూ రాదు. ఇక్కడికి దగ్గర్లోనే, సాలిగ్రామంలోని ప్రసాద్ ల్యాబ్‌లో ఎన్నో తెలుగు సినిమాల ప్రింట్లు తయారయ్యాయి. అందుకే ఈ ఊళ్లో ఫిల్మ్ లుక్, అంటే డిజిటల్ షాట్ పాత ఫిల్మ్ రీలులా కనబడటం, అన్న మాట వినబడితే నాకు పట్టింపు ఎక్కువ.

తెరమీద షాట్ చూడండి. టి.నగర్ రంగనాథన్ వీధి మొగలో సాయంత్రం పూలమ్మే అవ్వ. బుట్టమీద ఎల్ఈడీ బల్బు వేలాడుతోంది. మల్లెపూలు తెల్లగానే ఉన్నాయి గానీ, ఒక్క రేకూ విడిగా కనబడదు. సున్నంముద్దలా ఉంది. అక్కడ కెమెరా సెన్సర్ వెలుగుతో నిండిపోయింది. ఇప్పుడు కంప్యూటర్లో వెలుగు దించితే తెలుపు బూడిదరంగవుతుందే తప్ప రేకులు తిరిగిరావు. నా దగ్గరికొచ్చే తమ్ముళ్లు ఇలాంటి షాట్లే తెచ్చి, "అన్నా, కొడాక్ లట్ వెయ్యవా" అంటారు. లట్ అంటే రంగుల్ని ఒక్క దెబ్బలో మార్చేసే రెడీమేడ్ పట్టిక.

ఫిల్మ్ నెగటివ్ స్వభావం వేరు. వెలుగు పెరిగేకొద్దీ అది ఒక్కసారిగా చేతులెత్తెయ్యదు, మెల్లగా నిదానిస్తుంది. గ్రాఫ్ గీస్తే పైన భుజంలా వాలుతుంది, కింద పాదంలా చదునవుతుంది. ఫిల్మ్‌లో మన మనసుకి పట్టేది ముందుగా ఆ భుజమే.

ఇది రెండో షాట్. అదే అవ్వ, అదే బల్బు. ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపు తగ్గించాం (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). అవ్వ మొహం చీకట్లోకి పోకుండా పక్కనుంచి వెలుగు తిప్పే థర్మాకోల్ షీటు పట్టాం. లాగ్‌లో, 10 బిట్‌లో తీశాం. లాగ్ అంటే వెలుగునీడల వివరాలు ఎక్కువ నిలిచేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 10 బిట్‌లో 1024. కాంట్రాస్ట్ సాగదీసినప్పుడు ఆ తేడా ఆకాశంలో చారలై బయటపడుతుంది. తర్వాత కంప్యూటర్లో కర్వ్ (వెలుగు గ్రాఫ్) పైకొస కాస్త వంచాను. చూశారా, మొగ్గల కింది లేతపచ్చ కూడా తెలుస్తోంది.

లట్ వద్దనడం లేదు. గ్రేడింగ్, అంటే రంగులు దిద్దడం, చేసే సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో ఉన్న కొడాక్ 2383 లట్ థియేటర్ ప్రింటుని అనుకరిస్తుంది. కానీ దానికి సినియాన్ అనే రకం లాగ్‌లో ఉన్న చిత్రం అందించాలి. మామూలు రెక్ 709 (టీవీ ప్రమాణం) వీడియో మీద వేస్తే నీడలు మసిబొగ్గవుతాయి.

ఫిల్మ్‌లో రంగు సయాన్, మెజెంటా, పసుపు అద్దకపు రంగులతో పుడుతుంది. చిక్కబడేకొద్దీ వెలుగుని మింగుతుంది. అవ్వ కుంకుమరంగు చీరకి వీడియోలో సాచురేషన్ పెంచితే నియాన్ బోర్డులా వెలుగుతుంది. కాబట్టి పెంచినచోట ఆ రంగు వెలుగు తగ్గించండి. ఫిల్మ్‌లో బల్బు అంచున ఎర్రచాయ ఎందుకంటారా? ఎమల్షన్ (వెలుగుకి స్పందించే పూత) దాటిన వెలుగు కిందున్న ప్లాస్టిక్ బేస్‌కి కొట్టుకుని వెనక్కొస్తే, ముందు తగిలేది అడుగునున్న ఎరుపు పొరకే. దాన్ని బల్బుకి వెయ్యండి, తెల్లచొక్కాకి వద్దు. గ్రెయిన్ (ఫిల్మ్‌మీది సన్న రవ్వలు) మాత్రం చివర్లో, పలచగా.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. అవ్వ మేనిఛాయని తెల్లబరచకండి. రంగుల్ని కొలిచి చూపే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ గీత ఉంటుంది. నల్లవాళ్లయినా ఎర్రగా ఉన్నవాళ్లయినా దాదాపు ఆ గీత దగ్గరే పడతారు. తేడా వెలుగులోనే. ఆ నలుపులో ఉన్న నిగనిగని పాడుచేసే గ్రేడ్ నాకు నచ్చదు.

ఫిల్మ్ రోజుల్లో ల్యాబ్‌లో రంగులు దిద్దే గ్రేడర్‌కి ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ప్రింటర్ లైట్లు (ప్రింటు తీసేటప్పుడు వేసే వెలుగులు), 50 మెట్ల స్కేలు, అంతే. మొహానికొకటి ఆకాశానికొకటి అని వేరుచేసే వీలే ఉండేది కాదు. రిజాల్వ్‌లోనూ ఆ ప్రింటర్ లైట్లున్నాయి. కళ్లకి తర్ఫీదు కావాలంటే ఒక వారం వాటితోనే పనిచెయ్యండి.

అవ్వ షాట్ల ఒరిజినల్ ఫైళ్లు ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. లైట్లు ఆపండమ్మా, మూడో షాట్ ఇక్కడే అందరం కలిసి గ్రేడ్ చేద్దాం.