మా ఇంటికి వచ్చిన మొదటి పుస్తకం

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులకు, గ్రంథపాలకురాలికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండలో వరుసగా నడిచి వచ్చిన బడి పిల్లలకు, కుర్చీలు చాలక వెనుక గోడకు ఆనుకుని నిలబడినవారికి, అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నేను ఈ గ్రంథాలయంలోనే సాయంత్రాలు గడిపాను. అప్పుడు ఇక్కడ రెండే ఫ్యాన్లు ఉండేవి. అప్పటి గ్రంథపాలకులు నా సభ్యత్వ రుసుము తన జేబులోంచి కట్టారు. ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు, రసీదు చూసి నేనే తెలుసుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ముందుగా ఆయనకు నమస్కరించి మొదలుపెడతాను.

నాకు ఇచ్చిన అంశం 'వాతావరణ సంక్షోభం - మన బాధ్యత'. దాని గురించి పది కాగితాలు రాసుకొచ్చాను. 2015లో పారిస్‌లో ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందం అందులో ఉంది. భూమి సగటు వేడి, పరిశ్రమలు రాకముందు ఉన్నదానికంటే ఒకటిన్నర డిగ్రీలు మించి పెరగకుండా ప్రయత్నిస్తామని ఆ దేశాలు మాట ఇచ్చాయి. 2024లో, ఆ ఒక్క ఏడాది సగటు తీసుకుంటే, ఆ గీత దాటిపోయాం. ఇవన్నీ వివరంగా చెప్పాలనే వచ్చాను. అయితే దారిలో మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్ల వరుస చూశాను. ఒక బండి మీద తండ్రి పక్కన తొమ్మిదేళ్ల పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. వాడి చేతిలో చిన్న పుస్తకం ఉంది. అది చూశాక ఈ కాగితాలు చదవడం నా వల్ల కాదు. గ్రంథాలయంలో నిలబడి పుస్తకం గురించే మాట్లాడతాను. మా ఇంటికి వచ్చిన మొదటి పుస్తకం గురించి.

అది అరచేతిలో పట్టే ఎర్ర అట్ట పుస్తకం. మందుల దుకాణం వారు ఇచ్చింది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అరువు మీద తెచ్చుకున్నప్పుడల్లా దుకాణంలో వాళ్ల పద్దులో ఒకసారి, మా పుస్తకంలో ఒకసారి రాసేవారు. మా నాన్నకు చదువు రాదు. 1997లో నేను నాలుగో తరగతి. రాత్రి అన్నాలయ్యాక నాన్న నన్ను దీపం దగ్గర కూర్చోబెట్టుకుని "చదువు బిడ్డా" అనేవారు. నేను చదివేవాణ్ణి. మోనోక్రోటోఫాస్ రెండు లీటర్లు. ఎండోసల్ఫాన్ లీటరు. యూరియా మూడు బస్తాలు. ఒత్తులున్న మాటలు నాకు నోరు తిరిగింది ఆ పుస్తకం చదివే. బడిలో వాచకం కంటే ముందు ఆ పుస్తకం నాకు కంఠస్థమైంది.

ఆ ఏడు వరంగల్ జిల్లా పత్తి రైతులకు ఏమైందో పెద్దవాళ్లకు గుర్తుంది. కాలం కాని కాలంలో వానలు పడ్డాయి. రోజుల తరబడి మబ్బు పట్టింది. లద్దెపురుగు చేల మీద పడింది. ఒక మందు కొడితే చావలేదు, రెండు మందులు కలిపి కొట్టారు, అప్పటికీ చావలేదు. మా పుస్తకంలో పద్దెనిమిది సార్లు మందు తెచ్చిన లెక్క ఉంది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే జూన్‌లో పదివేలు తెచ్చుకుంటే ఎనిమిది నెలలు తిరిగేసరికి వడ్డీయే రెండు వేల నాలుగు వందలు. పత్తి ఎవరికి అమ్మాలన్నదీ మన చేతిలో ఉండదు, అరువిచ్చిన దుకాణం చెప్పిన చోటికే తోలాలి. ధర వాళ్లదే, తూకం వాళ్లదే.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నాన్న నన్ను మళ్లీ కూర్చోబెట్టుకున్నారు. "మొత్తం ఎంతయిందో చదువు బిడ్డా" అన్నారు. నలభై మూడు వేల ఆరు వందలు. చదవబోయి తలెత్తితే, పొయ్యి దగ్గర అమ్మ నా వంకే చూస్తోంది. నేను ముప్పై నాలుగు వేల ఆరు వందలు అని చదివాను. నాన్న వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఎడ్లు అమ్మక్కర్లేదని అమ్మతో చెప్పి పడుకున్నారు. వారం తర్వాత దుకాణానికి వెళ్తే వాళ్లు అసలు లెక్క చదివారు. ఆ రోజే ఎడ్లను అంగడికి తోలారు. నాన్న నన్ను కొట్టలేదు, ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ తర్వాత ఎన్నడూ నన్ను ఆ పుస్తకం చదవమని అడగలేదు.

ఆ చలికాలంలో మా చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న బతికారు. రెండెకరాలు పోయింది, పట్నంలో కాపలా పనికి వెళ్లారు, పద్నాలుగేళ్లు అక్కడే ఒంటరిగా వండుకు తిన్నారు. బతికారు కాబట్టి ఏ లెక్కలోకీ రాలేదు. ఎక్స్‌గ్రేషియా జాబితాల గురించి చదివినప్పుడల్లా, ఆ జాబితాలో లేని ఇళ్లు ఎన్ని ఉంటాయో అనుకుంటాను.

ఇక్కడున్న పిల్లల్లో ఎవరి ఇంట్లో పత్తి వేశారో ఒకసారి చేతులెత్తండి. దించకండి. వేదిక మీద పెద్దలు కూడా చూడండి. దాదాపు సగం మంది. ఇప్పుడు వీళ్లకు 'మన బాధ్యత' అనే మాట ఎలా చెప్పాలి? బొగ్గు తవ్వింది వీళ్లు కాదు, విమానాలెక్కింది వీళ్లు కాదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పని మానితే పూట గడవని కూలీలు, ముసలివాళ్లు ఎక్కువగా పోయారు. వాతావరణం వేరు, అప్పు వేరు అని పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలుగా రాస్తారు. మా ఇంట్లో రెండూ ఒకే ఎర్ర పుస్తకంలో ఉన్నాయి. మబ్బు పట్టిన ప్రతిసారీ అందులో ఒక వరుస పెరిగింది.

అందుకే నేను జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ గురించి చెప్పాలనుకుంటున్నాను. 1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ దాని స్థాపకుల్లో ఒకరు. ఆయన 2023లో కన్నుమూశారు. అయితే దాన్ని నిలబెట్టింది పదుల ఊళ్లలోని మహిళా సంఘాలు. ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు. ఎర్రనేలలు, రాళ్ల నేలలు, వాన మీదే బతుకు. నేను మొదటిసారి వెళ్లింది 2011లో. ఒక పెద్దమ్మ నన్ను ఇంట్లోకి తీసుకెళ్లి, పేడతో అలికిన వెదురు బుట్ట మూత తీసింది. లోపల బూడిద, వేపాకు, వాటి మధ్య జొన్న విత్తనం. ఇంకో బుట్టలో కంది, మరోదాంట్లో సజ్జ, కొర్ర, అనుములు, కుసుమలు. ఒక్కొక్కటీ పేరు చెప్పి చూపించింది. చలికాలంలో నీళ్లు కట్టకుండా మంచు తేమకే పండే పంటలను అక్కడ 'సత్యం పంటలు' అంటారు. ఆ పేరు విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా నాన్న చేలో పద్దెనిమిది సార్లు మందు కొట్టాం. ఇక్కడ మంచుకే పంట పండుతోంది.

ఆ పెద్దమ్మను అడిగాను, విత్తనం లేనివాళ్లు ఏం చేస్తారమ్మా అని. సంఘంలో తీసుకుంటారు, పంట వచ్చాక ఒకటిన్నర ఇంతలో, రెండింతలో తిరిగి పోస్తారు అంది. నేను లెక్కల మాస్టారిని కదా, వెంటనే లెక్క కట్టాను. ఆరు నెలలకు నూటికి నూరు వడ్డీ! మా దుకాణం వడ్డీ కంటే ఎక్కువ కదా అన్నాను. ఆమె జొన్న కంకి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి గింజలు లెక్కపెట్టమంది. వందలు దాటాక ఆపేశాను. ఒక్క గింజ నుంచి వచ్చిన కంకి అది. గింజ అప్పు గింజతో తీరుతుంది. బజారులో ధర పడిపోయినా అప్పు పెరగదు. నెలలు గడిచినకొద్దీ వడ్డీ మీద వడ్డీ ఎక్కదు. ఎక్కువ పోసిన గింజ దుకాణంవారి మేడ కింద పునాది కాదు, మరుసటి ఏడు ఇంకో ఆడమనిషి చేలో మొలుస్తుంది. నేను ఇన్నేళ్లు చదివిన లెక్కల్లో ఇలాంటి వడ్డీ ఎక్కడా చెప్పలేదు.

1990ల మధ్యలో వాళ్లు ఇంకో పని చేశారు. అప్పటికి రెండు రూపాయల బియ్యం వచ్చి పదేళ్లు దాటింది. ఆ బియ్యం ఎందరి కడుపు నింపిందో నాకు తెలుసు, మా కడుపూ నింపింది. కానీ ఆ బియ్యం వచ్చాక జొన్న చేలు బీడు పడ్డాయి. సంఘం స్త్రీలు బీళ్లు దున్నుకునేందుకు రైతులకు అప్పు ఇప్పించారు. ఆ అప్పును రైతులు డబ్బుగా కాకుండా జొన్నలుగా కొన్నేళ్ల పాటు తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు పేదలో ఏ కార్యాలయమూ తేల్చలేదు. ఊరంతా కూర్చుని, నేల మీద ఊరి పటం గీసి, ఇంటింటి పరిస్థితీ అందరి ముందూ మాట్లాడుకుని తేల్చారు. ముప్పైకి పైగా ఊళ్లలో ఇది జరిగింది. 2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాశారు. ఈ స్త్రీలు అంతకు పద్దెనిమిదేళ్ల ముందే తమ ఊళ్లలో చేసి చూపించారు.

జహీరాబాద్ దగ్గరే ఉన్న మాచనూరులో 2008 అక్టోబర్ 15న వాళ్ల సంఘం రేడియో మొదలైంది. నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపారు. విత్తనం ఎలా దాచాలో, ఏ ఆకుకూర ఏ జబ్బుకు మంచిదో తమ భాషలో తామే చెప్పుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మన దగ్గరే అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందు మానేసి వేప గింజల కషాయంతో పత్తి పండించారు. మన ఎనబావి 2006లో ఊరు మొత్తం రసాయనాలు మానేసింది. వీటి మీద ఇక్కడి అల్మారాల్లో ఒక్క పుస్తకమైనా ఉందా అని పొద్దున వెతికాను. దొరకలేదు.

నేను ఒక పక్షమే చెబుతున్నానని అనుకోకండి. ప్రత్యామ్నాయం కట్టుకోవడం ఒక్కటే చాలదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల ఉంది. వరి, చేపలు, పశువుల మేత, చుట్టూ ఊళ్లకు అదే ఆధారం. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టబోతే రైతులు, మత్స్యకారులు అడ్డు నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అదే రోజు! ఆ తీర్పు ముందు రోజు వచ్చి ఉంటే ఆ మనుషులు ఇంట్లో అన్నం తింటూ ఉండేవాళ్లు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మాట పెగలదు. క్షమించండి.

బీల దగ్గర మనుషులు నిలబడకపోతే బీల ఉండేది కాదు. పస్తాపూర్‌లో బుట్టలు దాచకపోతే విత్తనం ఉండేది కాదు. ఈ రెండు పనులూ చేసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఇవి చిన్న ప్రయత్నాలు, వీటితో దేశం గడుస్తుందా అని అడిగేవారున్నారు. వరికి కొనుగోలు కేంద్రం ఉంది, ఉచిత కరెంటు ఉంది. జొన్నకు మద్దతు ధర ప్రకటిస్తారు కానీ కొనేవాళ్లు ఎక్కడున్నారో రైతే వెతుక్కోవాలి. వరికి చేసినదాంట్లో సగం జొన్నకు చేసి, అప్పుడు చిన్నదో పెద్దదో చెప్పమని నా కోరిక.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. గ్రంథపాలకురాలికి ఒక విన్నపం. ఇక్కడ పుస్తకం తీసుకుని, చదివి, తిరిగి ఇస్తాం. ఆ మూల ఖాళీగా ఉన్న చెక్క అల్మారాను విత్తనాలకు ఇవ్వండి. పిల్లలు గుప్పెడు తీసుకుంటారు, పంట వచ్చాక రెండు గుప్పిళ్లు తెచ్చిపోస్తారు. ఈ సంచిలో ఏడు రకాలు తెచ్చాను. ధనియాలు, మెంతులు ఇప్పుడే చల్లుకోవచ్చు. జొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుములు మాత్రం వచ్చే వానాకాలం దాకా బూడిద కలిపి, వేపాకు వేసి దాచండి. నెలకోసారి నీడలో ఆరబెట్టండి. చెమ్మ తగలనివ్వకండి.

ఇదిగో, రాసుకోవడానికి పుస్తకం కూడా కొనుక్కొచ్చాను. మా నాన్న ఆ వెనుక వరుసలో కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చాక మా బడిలో రాత్రిపూట నా దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. మొదటి పద్దు ఆయనే రాస్తారు. నాన్నా, నెమ్మదిగా రండి. పిల్లలూ, దారివ్వండి.