ఇంటి బాతును నాలుగు రకాలుగా వండి చూశాను: ఏ వంటకు ఎన్ని మార్కులు?

అందరికీ నమస్కారం. ముందు ఈ గిన్నెలు చూడండి. కుక్కర్లో పులుసు, ఇనుప కడాయిలో వేపుడు, మట్టి కుండలో పుంటికూర, అదే గోంగూర. మూడింటిలోనూ మా ఇంటి బాతులే. ఆ చివర పళ్లెంలో నల్లగా కనిపిస్తున్నది కూడా బాతే. దాని సంగతి తరువాత.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరికోతలు అయ్యాయంటే చాలు, బాతుల మందలు మడుల్లోకి దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటాయి. కాపరులు గట్టు మీదే గుడారం వేసుకుని గుడ్లు అమ్ముతుంటారు. అలా వచ్చిన ఒకాయన దగ్గర కొన్ని పిల్లలను కొని పెంచుకున్నాం. పెంచడం తేలికే. వండడం దగ్గరే నా పరువు పోయింది.

మొదటిసారి నాటుకోడికి చేసినట్టే చేశాను. పొద్దున కోయించి, నాలుగు గరిటెల నూనె పోసి, మధ్యాహ్నానికల్లా వడ్డించాను. కూర మీద నూనె మడుగు కట్టింది. ముక్క రబ్బరులా సాగింది. పైగా అదొక రకం కంపు. మా అత్తమ్మ ఒక్క ముద్ద తిని, "బాతును కోడి అనుకున్నావా బిడ్డా?" అని పచ్చడి జాడీని దగ్గరకు జరుపుకున్నారు.

ఆ కంపు ఎక్కడిదో తరువాత తెలిసింది. బాతు తోక మొదట్లో, పైవైపున, చర్మం కింద చిక్కుడు గింజల్లా రెండు పసుపుపచ్చని గ్రంథులు ఉంటాయి. వాటిలోని నూనెను ముక్కుతో తీసి ఈకలకు రాసుకుంటుంది కాబట్టే బాతు నీళ్లలో తడవదు. ఆ గ్రంథులను చుట్టూ కాస్త మాంసంతో సహా కోసి పారేయాలి. కోసేవారికి చెబితే సరే అంటారు, మరచిపోతారు. దగ్గర నిలబడి తీయించండి.

ఇక మేత. చెరువులో నత్తలు, చేప పిల్లలు తిన్న బాతు మాంసానికి నీచు వాసన పడుతుంది. ఈసారి ఒక బాతును వారం ముందు నుంచి కట్టడి చేసి నూకలు, తవుడు, జొన్నలు పెట్టాను. ఇంకోదాన్ని దాని మానాన వదిలేశాను. రెండింటి ముక్కలూ ఒకేలా వేయించి, ఏది ఏదో చెప్పకుండా మా ఆయనకు పెట్టాను. రెండోది నోట్లో పెట్టుకోగానే, "ఇది చేపలు వండిన గిన్నెనా?" అని అడిగారు. అంతకంటే రుజువు ఏం కావాలి?

ఈకల దగ్గర ఓపిక పట్టాలి. నూనె ఈకలు కదా, వేడినీళ్లు లోపలికి ఇంకవు. నీళ్లలో ఒక చెంచా సబ్బు పొడి కలిపి, బాతును ముంచి బాగా కదిలిస్తే పని జరుగుతుంది. నీళ్లు మరగకూడదు, చర్మం ఉడికి చిరిగిపోతుంది. తరువాత మంచినీళ్లతో రెండుమూడు సార్లు కడిగేయండి. చర్మంలో మిగిలిన మొలక ఈకలను పట్టకారుతో లాగి, పసుపు రాసి, గడ్డి మంట మీద కాల్చడం మామూలే.

కోసిన వెంటనే మాత్రం వండకండి. ప్రాణం పోయాక కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి, మళ్లీ వదులవడానికి సమయం పడుతుంది. శుభ్రం చేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. నా మొదటి కూర సాగడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం వయసు. బాతు లేతదా ముదురుదా అన్నది కింది ముక్కు చెబుతుంది. వంచితే వంగితే లేతది, గట్టిగా ఉంటే ముదురుది. గుడ్లు పెట్టి పెట్టి మానేసిన బాతును వేపుడు చేస్తానంటే అది మీ పంటి బలం. ఇక మగదా ఆడదా అంటే, తోక మీద రెండుమూడు ఈకలు పైకి చుట్ట తిరిగి ఉంటే మగది. గొంతు కూడా బొంగురుగా ఉంటుంది. ఊరంతా వినిపించేలా అరిచేది ఆడబాతు.

సరే, కుక్కర్ దగ్గరకు వద్దాం. ఇందులో ఉన్నది రెండేళ్లు దాటిన గుడ్ల బాతు. నాలుగు విజిల్స్‌కు ఏమీ కాలేదు. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి నలభై నిమిషాలు ఉంచాకే ఎముక వదిలింది. అప్పుడు చింతపండు రసం, కారం, వెల్లుల్లి వేసి మరిగించాను. ఇది నిన్నటి పులుసు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన తెల్లగా గడ్డకట్టింది, చెంచాతో తీసేశాను. పని తక్కువ, రుచి పరవాలేదు. పదికి ఆరు మార్కులు. పనుల హడావిడిలో ఉన్నవారికి ఇది చాలు.

ఇప్పుడు నాకు ఇష్టమైనది. ఈ కడాయిలో ఒక్క చుక్క నూనె కూడా వేయలేదు. మళ్లీ చెబుతున్నాను, ఒక్క చుక్క కూడా. ఇది లేత మగ బాతు. ముక్కలను గుడ్డతో పొడిగా తుడిచి, చర్మం మీద కత్తితో గాట్లు పెట్టాను. గాటు కొవ్వు వరకే దిగాలి, మాంసం తెగకూడదు. చల్లటి కడాయిలో చర్మం కిందికి ఉండేలా పేర్చి, ఆ తరువాతే పొయ్యి వెలిగించాలి. కడాయి ముందే కాగితే చర్మం మాడిపోతుంది, కొవ్వు లోపలే ఉండిపోతుంది. సన్నని మంట మీద ఇరవై నిమిషాలు. ముందు చిటపటలు, తరువాత కొవ్వు కరిగి ముక్కలు అందులోనే వేగుతాయి. చర్మం బెల్లం రంగుకు తిరిగే వరకు గరిటె పెట్టకండి. చేతులు ఊరుకోవు, నాకు తెలుసు.

ఈ ఒక్క బాతుకు అర గ్లాసు పైగా కొవ్వు వచ్చింది. రెండు చెంచాలు ఉంచి మిగతాది సీసాలోకి వంపాను. ఆ రెండు చెంచాల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, కారం. ముక్కలు వేసి, అర గ్లాసు నీళ్లు చల్లి, మూత పెట్టి మరో అరగంట. చివర ధనియాలు, మిరియాలు, కుడుక (ఎండుకొబ్బరి) వేయించి కొట్టిన పొడి. గరం మసాలా జోలికి వెళ్లలేదు, ఈ మాంసానికి సొంత రుచి ఉంది. కోడికి రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది, దీనికి రొమ్ము కూడా ఎర్రగానే ఉంటుంది. పెద్ద హోటళ్లలో బాతు రొమ్మును లోపల గులాబీ రంగులో ఉండగానే వడ్డిస్తారట. వారి ఇష్టం. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో చూసుకోండి. దీనికి పదికి తొమ్మిది.

మట్టి కుండ అత్తమ్మది. కట్టెల పొయ్యి మీద రెండు గంటలు, ముదురు బాతే. ముక్క మెత్తబడ్డాక కడిగిన పుంటికూర గుప్పిళ్లతో వేసి కలిపారు. బాతు కొవ్వు నాలుకకు పట్టేసి రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. పుంటికూర పులుపు దాన్ని కోసేస్తుంది. గ్యాసు మీద నేను చేస్తే ఇంత కుదరలేదు. మార్కులు వేయబోతే, "నాకు పరీక్ష పెడతావా?" అన్నారు. అందుకని వేయడం లేదు.

ఇక ఆ నల్లటి పళ్లెం. మా అబ్బాయి ముచ్చటపడి నిప్పుల మీద కాల్చాడు. కొవ్వు కరిగి నిప్పుల్లో పడ్డ కొద్దీ మంటలు లేచాయి. పైన బొగ్గు, లోపల పచ్చి. కుక్క కూడా ఆలోచించి తిన్నది. కాల్చాలనుకుంటే ముందు సగం ఉడికించి, కొవ్వు తీసి, నిప్పుల పక్కన పెట్టి కాల్చండి, పైన కాదు.

కొవ్వు సీసాను పారేయకండి. గుడ్డలో వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే నెయ్యిలా గడ్డకట్టి చాలా రోజులు ఉంటుంది. ఆలుగడ్డ వేపుడుకు ఒక చెంచా వేసి చూడండి. మా పుట్టిల్లు నారాయణపేట వైపు, మాకు జొన్న రొట్టె లేనిదే ముద్ద దిగదు. నిన్న వేడి రొట్టె మీద ఈ కొవ్వు రాసి, పైన కాస్త ఎల్లిపాయ కారం చల్లి అత్తమ్మకు ఇచ్చాను. ఏమీ అనలేదు. ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపారు. పచ్చడి జాడీ మాత్రం అలమారలోనే ఉంది.